కట్టు విప్పాక కత్తి ఎప్పుడు పట్టాలి?

చారిత్రక కత్తిసాము, కవచ యుద్ధక్రీడలు సాధన చేసేవాళ్ల నుంచి వచ్చిన ఉత్తరాల్లో గాయాల గురించినవే ఎక్కువ. "నొప్పి తగ్గింది, మళ్లీ దిగనా?" అన్న ప్రశ్న దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ఉంది. నొప్పి తగ్గడం ఒకటి, దెబ్బకు తట్టుకునే స్థితికి రావడం మరొకటి. ఈ రెంటికీ మధ్య ఎన్ని వారాలుంటాయి, ఆ వారాల్లో ఏం చెయ్యాలి అన్నదాని మీదే ఈసారి జవాబులు. మేం చెప్పే గడువులు మామూలుగా మానే గాయాలకు వర్తిస్తాయి. మిమ్మల్ని పరీక్షించిన వైద్యులు వేరే గడువు చెబితే అదే పాటించండి.

ప్రశ్న: లాంగ్‌సోర్డ్ (రెండు చేతులతో పట్టే పొడవు కత్తి) స్పారింగ్‌లో, అంటే జోడీ పోరులో, కుడి ఉంగరం వేలు, అరచేతికి దగ్గరున్న ఎముక విరిగింది. నాలుగు వారాలు కట్టు ఉంది. ఎముక అతుక్కుంటోందని డాక్టరుగారు చెప్పారు. ఇప్పుడు నొప్పి లేదు గానీ పిడికిలి పూర్తిగా ముడుచుకోవడం లేదు. వచ్చే నెలలో టోర్నమెంటు ఉంది. గట్టి గ్లౌజు వేసుకుని దిగవచ్చా?

జవాబు: వద్దండి. ఆ టోర్నమెంటును వదిలెయ్యండి. నాలుగు వారాలకు ఎముక చుట్టూ కొత్త ఎముక అల్లుకోవడం మొదలవుతుంది, అంతే. వేలు కదిపినంత మాత్రాన విడిపోదు కాబట్టి కట్టు తీస్తారు. ఒకటిన్నర కిలోల ఉక్కు కత్తి వచ్చి తగిలితే ఆగే బలం దానికింకా రాలేదు.

ముందుగా ఒకటి చూసుకోండి. నాలుగు వేళ్లనూ నొప్పి లేనంత మేరకు మెల్లగా ముడవండి. గోళ్లన్నీ బొటనవేలి మొదలు వైపు, మణికట్టు దగ్గర దాదాపు ఒకే చోటికి చూస్తున్నట్టుండాలి. ఉంగరం వేలు పక్క వేలి మీదికి ఎక్కుతున్నా, దాని కిందికి దూరుతున్నా ఎముక మెలిపడి అతుక్కుంటోందని అర్థం. ఎక్స్‌రేలో ఇది సరిగా తెలియకపోవచ్చు, పిడికిలిలో మాత్రం దాగదు. అలా ఉంటే వ్యాయామాల జోలికి పోకుండా ఈ వారంలోనే చేతి శస్త్రవైద్యులకు చూపించండి. ఆలస్యమైతే సరిచెయ్యడం కష్టం.

మెలి లేకపోతే మీ సమస్య బిగుతు. వేలిని ముడిచే టెండాన్లు (కండరాన్ని ఎముకకు కలిపే నారలు) సన్నటి గొట్టాల్లాంటి తొడుగుల్లో జారుతుంటాయి. వాపుతో నాలుగు వారాలు కదలకుండా ఉంటే అవి చుట్టుపక్కల కణజాలానికి అతుక్కుంటాయి. వాటిని జార్చడానికి ఐదు భంగిమలున్నాయి: వేళ్లన్నీ నిటారుగా; అరచేతి దగ్గరి కీళ్లు చాచే ఉంచి మిగతా రెండు కీళ్లూ ముడిచి కొక్కెంలా; పూర్తి పిడికిలి; అరచేతి దగ్గరి కీళ్ల దగ్గర మాత్రమే వంచి బల్లలా; చివరి కీళ్లు చాచి, వేళ్ల కొనలు అరచేతి అడుగుకు తాకేలా. ఒక్కో భంగిమలో ఐదు సెకన్లు ఆగండి. ఈ ఐదూ కలిపి ఒక చుట్టు. పూటకు పది చుట్లు, రోజుకు మూడు నాలుగు పూటలు. ఇంకొకళ్ల చేత వేలు గుంజించడం, బరువు వేలాడదీసి చాపడం చెయ్యకండి. అలా చేస్తే సాయంత్రానికి వాపెక్కి, మర్నాటికి వేలు ఇంకా బిగుసుకుంటుంది. వాపు ఉంటే తనకు తానే అతుక్కునే సన్నపట్టీని కొన నుంచి మొదలు వైపుకి, వదులుగా చుట్టండి. గోరు నీలంగా మారితే వెంటనే విప్పెయ్యండి.

దెబ్బ తగిలిన రోజు నుంచి ఆరో వారంలో, వైద్యులు సరేనన్నాక, మెత్తటి పుట్టీ (చేతి వ్యాయామానికి వాడే ముద్ద) పిసకడం మొదలుపెట్టవచ్చు. ఎనిమిదో వారానికి గట్టి పుట్టీ, టవలు మెలిపెట్టి పిండడం, బరువు పట్టుకుని నడవడం. కత్తి సంగతికొస్తే, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య తేలికపాటి నైలాన్ కత్తితో ఒంటరిగా, గాలిలో నెమ్మదిగా కోతలు. మొదటి రోజు ముప్పై చాలు. వారం పాటు మర్నాటి ఉదయం వాపు కనిపించకపోతే ఫెడర్ (సాధనకు వాడే మొద్దు అంచు ఉక్కు కత్తి) పట్టండి, ఇదీ గాలిలోనే. ఆ తర్వాత లక్ష్యస్తంభం మీద కోతలు. కత్తి అలుగు (పిడికి పైనుండే ఉక్కు భాగం) దేనికైనా తగిలినప్పుడు ఆ అదురు పిడిలోంచి వేళ్లలోకి వస్తుంది, కాబట్టి గాలిలో వంద కోతలు కోసిన చెయ్యి కూడా స్తంభం మీద ఇరవైకే అలిసిపోవచ్చు. చివర్న జోడీ సాధన: మొదట ముందే అనుకున్న దెబ్బలతో, తర్వాత స్పారింగ్. స్పారింగ్‌కు మామూలుగా పది పన్నెండు వారాలు పడుతుంది. అప్పటికి పిడికిలి పూర్తిగా ముడుచుకోవాలి, విరిగిన చోట నొక్కితే నొప్పి ఉండకూడదు, పట్టు బలం రెండో చేతితో పోలిస్తే కనీసం 90 శాతం ఉండాలి. పనిచేసే చెయ్యి సహజంగానే కాస్త బలమైనది కాబట్టి కుడిచేతివాటం వాళ్లకు కుడి చెయ్యి ఎడమతో సమానంగా ఉందంటే ఇంకా కొంత లోటుందనే లెక్క.

ఇక గట్టి గ్లౌజు. వేలు విరగడానికి కారణం దెబ్బ ఒక్కటే కాదు. ఆ దెబ్బ కింద పిడి ఉంది. వేలు పిడికి ఆనుకుని ఉన్నప్పుడు పడే దెబ్బ, దాగలి మీద పెట్టి సుత్తితో కొట్టినట్టే. గ్లౌజు పని దెబ్బను వేలి మీద పడనివ్వకుండా చుట్టుపక్కలకు పంచడం. గ్లౌజు వేసుకుని పిడి పట్టుకోండి. వేరొకరిని ఒక్కో పలకనూ బయట నుంచి బొటనవేలితో గట్టిగా నొక్కమనండి. ఆ ఒత్తిడి ఎముకకు తెలిసిందంటే పలకకూ వేలికీ మధ్య చోటు లేదు, ఆ గ్లౌజు మీకు పనికిరాదు. వేలి కొన గ్లౌజు చివరి టోపీలాంటి పలకకు తగులుతుంటే కూడా అంతే. ఐదు వేళ్లూ విడివిడిగా ఉండే గ్లౌజు కంటే వేళ్లన్నిటినీ ఒకే గుల్లలో కప్పే రకం లాంగ్‌సోర్డ్‌కు మేలని మా అభిప్రాయం. పట్టు మార్చుకోవడం కాస్త తగ్గినా సరే. గ్లౌజు లోపల స్ప్లింట్ (వేలు కదలకుండా పట్టే బద్ద) పెట్టుకుని దిగడం మాత్రం అన్నిటికన్నా ప్రమాదం. స్ప్లింట్ మందానికి పలకలు పక్కకు జరిగి పక్క వేలు బయటపడుతుంది.

చేతి మీద దెబ్బ ఎందుకు పడిందో కూడా మీ కోచ్‌తో కలిసి చూడండి. కోత మొదలయ్యేటప్పుడు అలుగు కంటే ముందు చేతులు బయటికొస్తే, ఎదుటివాళ్లకు దగ్గర్లో దొరికే లక్ష్యం మీ వేళ్లే. లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్‌లో ఉన్న ఐ.33 అనే కత్తి-డాలు చేతిరాత ప్రతి చూడండి. చాలా బొమ్మల్లో చిన్న డాలు కత్తి పట్టిన చేతిని కాస్తూ ఉంటుంది. అందులోవాళ్లు ఉత్త చేతులతో సాధన చేస్తున్నారు. లాంగ్‌సోర్డ్‌లో డాలు లేదు కాబట్టి ఆ పని అలుగే చెయ్యాలి. గ్లౌజు అన్నది అలుగు తప్పినప్పుడు ఉపయోగపడేది.

ప్రశ్న: కత్తి లాక్కునే పట్టు సాధన చేస్తుంటే బొటనవేలు వెనక్కి మడతపడింది. మూడు రోజులైనా వేలి మొదట్లో, చూపుడు వేలి వైపు నొప్పి. బెణుకేనా?

జవాబు: బెణుకే అని వదిలెయ్యదగ్గ చోటు కాదది. బొటనవేలి మొదటి కీలుకు లోపలి వైపు ఒక లిగమెంట్ (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) ఉంటుంది. చిటికెడు ఉప్పు పట్టుకోవాలన్నా, పిడి పట్టుకోవాలన్నా దాని ఆసరా కావాలి. కొంచెం చిరిగితే నాలుగు నుంచి ఆరు వారాలు బొటనవేలిని కదలనివ్వని స్ప్లింట్‌తో మానుతుంది. పూర్తిగా తెగితే తెగిన కొస ఒక్కోసారి పక్కనున్న కండరపు పొర మీదికి ఎక్కి కూర్చుంటుంది. అప్పుడు రెండు కొసలూ ఎదురుపడవు, ఎన్నాళ్లు కట్టు కట్టినా అతుక్కోదు, ఆపరేషన్ తప్పదు. మొదటి రెండు మూడు వారాల్లో చేస్తే ఫలితం బాగుంటుంది. అక్కడ గింజలాంటి గడ్డ తగిలినా, తాళం తిప్పడానికి బలం చాలకపోయినా వెంటనే చూపించండి. నొప్పి బొటనవేలి మొదట్లో కాకుండా మణికట్టు పక్కన, బొటనవేలు చాపితే కనిపించే గుంటలో ఉంటే స్కాఫాయిడ్ ఎముక విరిగి ఉండవచ్చు. మొదటి ఎక్స్‌రేలో అది కనపడకపోవడం మామూలే. చెయ్యి కదలకుండా ఉంచి పది నుంచి పద్నాలుగు రోజుల్లో మళ్లీ తీయించాలి.

ప్రశ్న: స్పారింగ్‌లో తల మీద బలమైన దెబ్బ పడింది. స్పృహ తప్పలేదు. ఆ రాత్రి తలనొప్పి, వెలుతురు చూస్తే చిరాకు. ఇప్పుడు ఐదో రోజు. కాస్త తలదిమ్ము మిగిలింది. నా మాస్క్ 1600 న్యూటన్లది, అయినా ఇలా ఎందుకైంది? మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు కంకషన్‌వి, అంటే మెదడు అదిరిన గాయం. స్పృహ తప్పనంత మాత్రాన కాదనడానికి లేదు. చాలా కంకషన్లలో స్పృహ తప్పదు. ఇంకా వైద్యులకు చూపించకపోతే ఇవాళే చూపించండి. తలనొప్పి అంతకంతకూ పెరగడం, మళ్లీ మళ్లీ వాంతులు, మెడ నొప్పి, ఒకటి రెండుగా కనిపించడం, చేతులో కాళ్లో తిమ్మిరెక్కడం, మూర్ఛ, తికమక ఎక్కువవడం, లేపితే లేవలేనంత మగత – వీటిలో ఏ ఒక్కటున్నా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

1600 న్యూటన్లన్నది గుచ్చుకోవడానికి సంబంధించిన లెక్క. విరిగిన అలుగు మొన దూసుకురాకుండా ఆపడానికి పెట్టింది. కంకషన్ గుచ్చుకోవడం వల్ల రాదు. దెబ్బకు తల ఒక్కసారిగా తిరుగుతుంది, పుర్రె లోపల మెదడు వెనకబడుతుంది, ఆ లాగుడుకు నరాల పోగులు సాగుతాయి. మాస్క్ తీగవల ఎంత గట్టిదైనా తల తిరగడాన్ని ఆపలేదు. మాస్క్ పైన మెత్త వేసిన అదనపు తొడుగు, తల వెనక భాగాన్ని కప్పే రక్షణ వాడండి. మామూలు ఫెన్సింగ్ మాస్క్‌కు వెనక ఏమీ ఉండదు, లాంగ్‌సోర్డ్ దెబ్బలు అక్కడికీ వస్తాయి. అయినా ఇవన్నీ కొంతవరకే. అసలు మందు అదుపులో ఉన్న కోత.

తిరిగి రావడానికి 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సు ఖరారు చేసిన ఆరు మెట్ల పద్ధతి ఉంది. దాన్ని కత్తిసాముకు అన్వయించి చెబుతాం.

మొదటి 24 నుంచి 48 గంటలు తేలిక విశ్రాంతి. చీకటి గదిలో పడుకోనక్కర్లేదు; ఇంట్లో నడవవచ్చు, చిన్నచిన్న పనులు చేసుకోవచ్చు, ఫోను మాత్రం తగ్గించాలి. రెండో మెట్టు నడక లేదా స్థిరంగా ఉండే సైకిల్. మొదట గుండె వేగం గరిష్ఠంలో 55 శాతం దాకా, తర్వాత 70 శాతం దాకా. 220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠం సుమారుగా వస్తుంది. ముప్పై ఏళ్లవాళ్లకు అది 190, అంటే మొదట నిమిషానికి 105, తర్వాత 133. మూడో మెట్టులో ఒంటరి సాధన: అడుగులు, దిశ మార్చడం, గాలిలో కోతలు. చుట్టుపక్కల ఎవరూ కత్తి ఊపుతూ ఉండకూడదు. నాలుగులో జోడీ కసరత్తులు, కానీ తల మీదికి ఏ దెబ్బా రాకూడదు. ఎదుటివాళ్లు నెమ్మదిగా, చెప్పిన కోతే వెయ్యాలి. ఐదులో పూర్తి స్పారింగ్. ఆరులో పోటీ.

ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు. మొదటి మూడు మెట్లలో స్వల్పంగా లక్షణాలుండగానే ముందుకు పోవచ్చు. పదికి ఎంత అని మార్కు వేసుకోండి. సాధనలో అది రెండు పాయింట్లకు మించి పెరిగినా, పెరిగింది గంటలో తగ్గకపోయినా ఆపేసి మర్నాడు అదే మెట్టు మళ్లీ ప్రయత్నించండి. నాలుగో మెట్టు ఎక్కాలంటే లక్షణాలు పూర్తిగా పోవాలి, కూర్చున్నప్పుడే కాదు, చెమట పట్టేంత శ్రమ చేశాక కూడా. నాలుగు, ఐదు, ఆరులలో ఏ లక్షణం మళ్లీ కనిపించినా మూడుకు దిగాలి. జోడీ కసరత్తుల్లో దెబ్బ తగిలే అవకాశం ఉంటుంది కాబట్టి నాలుగుకు ముందే వైద్యుల అనుమతి ఉండాలి. మీరిప్పుడు రెండో మెట్టులో ఉండవలసినవారు.

పది రోజులు దాటినా తలదిమ్ము, మెడ బిగుతు, తలనొప్పి ఉంటే మెడకూ, లోచెవి సమతూకానికీ సంబంధించిన ఫిజియోథెరపీ పనిచేస్తుంది. చూపును ఒక అక్షరం మీద నిలిపి తలను పక్కలకు తిప్పడం లాంటివి, నేర్చినవాళ్ల దగ్గరే మొదలుపెట్టండి. నాలుగు వారాలు దాటితే నిపుణుల దగ్గరికి. మొదటిది మానకముందు పడే రెండో దెబ్బ చిన్నదైనా చాలా చేటు చేస్తుంది. ఈ మాట వీలైనంత గట్టిగా చెప్పాలని ఉంది.

ప్రశ్న: సేబర్ (ఒంటిచేతి వంపు కత్తి) మొదలుపెట్టి ఏడాది. మూడు నెలలుగా మోచేతి బయటి వైపు నొప్పి. రెండు వారాలు ఆపితే తగ్గుతుంది, మళ్లీ మొదలుపెట్టగానే వస్తుంది. ఇంజెక్షన్ వేయించుకుంటే ఒక్కసారిగా పోతుందంటున్నారు.

జవాబు: ఆపితే తగ్గి, మొదలుపెడితే తిరిగొచ్చే ఈ తంతు టెండాన్ నొప్పికి గుర్తు. మోచేతి బయట ఉన్న ఎముక బొడిపెను నొక్కితే నొప్పి, చెయ్యి చాచి మధ్యవేలిని ఎవరైనా అదిమిపెట్టగా పైకెత్తితే నొప్పి ఉన్నాయా చూడండి. ఉంటే ఇదే. చిటికెన వేలు, ఉంగరం వేలు జివ్వుమంటుంటే అది నరం సంగతి, ఈ జవాబు దానికి కాదు.

విశ్రాంతి టెండాన్‌ను బాగుచెయ్యదు, బలహీనపరుస్తుంది. అందుకే మళ్లీ మొదలుపెట్టగానే పాత బరువు కూడా కొత్త భారమవుతుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ మొదటి కొన్ని వారాలు బాగా పనిచేస్తుంది. ఏడాది గడిచాక చూస్తే మాత్రం ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ల పరిస్థితి తీసుకోనివాళ్ల కంటే బాగుండదు, నొప్పి తిరగబెట్టడమూ ఎక్కువే. టోర్నమెంటు కోసం తీసుకోకండి.

మొదటి రెండు వారాలు: ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచెయ్యి కిందికి పెట్టి, మణికట్టు బల్ల అంచు దాటి ఉండగా ఒక బరువు పట్టుకుని కదలకుండా 45 సెకన్లు నిలపండి. ఐదుసార్లు, మధ్యలో రెండు నిమిషాల విరామం, రోజూ. ఒక కిలోతో మొదలుపెట్టండి. తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలు, రోజు విడిచి రోజు, అదే భంగిమలో మూడు సెకన్లు ఎత్తుతూ మూడు సెకన్లు దించుతూ: పదిహేనేసి మూడు విడతలతో మొదలుపెట్టి బరువు పెంచుకుంటూ ఎనిమిదేసి మూడు విడతలకు రండి. భుజం వెనక కండరాలకూ పని పెట్టండి. భుజం అలిసిన చోట మణికట్టు దాని పని నెత్తినేసుకుంటుంది.

నొప్పి ఉంటే ఆపాలా అని అడుగుతారు. పదికి మూడు, నాలుగు దాకా ఫరవాలేదు, మర్నాటి పొద్దుటికి మామూలుకొస్తే. రాకపోతే బరువు తగ్గించండి.

కత్తిని కూడా చూడండి. బరువొక్కటే చూస్తే మోసపోతారు. ఒక కత్తి 900 గ్రాములు, దాని తూకపు బిందువు గార్డు (పిడి పైన చేతిని కాచే అడ్డు) నుంచి 15 సెంటీమీటర్లు. ఇంకోటి 1100 గ్రాములు, తూకపు బిందువు 7 సెంటీమీటర్లు. చెయ్యి గార్డుకు ఐదు సెంటీమీటర్లు వెనక ఉందనుకుంటే మొదటిది మణికట్టు మీద వేసే భారం 0.9ని 20తో గుణిస్తే 18, రెండోది 1.1ని 12తో గుణిస్తే 13 చిల్లర. తేలికదనుకున్న కత్తే మణికట్టును ఎక్కువ లాగుతోంది. కోలుకునే నెలల్లో రెండోలాంటిది పట్టండి.

పట్టును దగ్గర్నుంచి గమనించండి. అద్దం ముందు నిలబడి పది కోతలు కొయ్యండి. కోతకూ కోతకూ మధ్య వేలి కణుపులు తెల్లబడే ఉంటే మీరు పిడిని వదలకుండా పిసుకుతున్నారన్నమాట. పిడికిలి బిగించిన ప్రతిసారీ మణికట్టు కిందికి వాలకుండా ఆ బయటి టెండాన్ పట్టి ఉంచాలి. చూపుడు వేలు, బొటనవేలు పిడిని మోస్తే చాలు. మిగతా మూడూ అలుగు తగిలే క్షణంలో మూసుకుని వెంటనే సడలాలి. మొదటి సాధనలో ముప్పై కోతలు, తర్వాత వారానికి పది ఇరవై శాతం పెంచండి, లెక్క రాసుకుంటూ.

ప్రశ్న: తొడ మీద దెబ్బకు గట్టిగా కమిలింది. నూనె రాసి మర్దన చేయించుకోవచ్చా?

జవాబు: వద్దు. లోతుగా కమిలిన కండరాన్ని మొదటి రోజుల్లో మర్దన చేసినా, కాపడం పెట్టినా రక్తస్రావం పెరుగుతుంది, కొందరిలో ఆ రక్తపు గడ్డ ఎముకలా గట్టిపడుతుంది. దెబ్బ తగిలిన వెంటనే మోకాలిని నొప్పి భరించగలిగినంత ముడిచి, ఆ స్థితిలోనే పట్టీ వేసి చల్లటి ఒత్తు పెట్టండి. మోకాలు ముడిచే మేర రెండు మూడు వారాలకు పెరగాల్సింది పోయి తగ్గుతుంటే, లోపల గట్టి ముద్ద తగులుతుంటే చూపించండి. దెబ్బ తగిలిన కొన్ని గంటల్లో దెబ్బకు మించిన నొప్పి, కండరం రాయిలా బిగుసుకోవడం, పాదం తిమ్మిరెక్కడం ఉంటే ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి వెళ్లండి.

ప్రశ్న: రేపియర్ (పొడిచే సన్నటి పొడవు కత్తి) సాధనలో లంజ్ (ముందు కాలు చాచి దూకే పోటు) చేస్తుంటే ముందు మోకాలి చిప్ప కింద నొప్పి. సాధన మొదట్లో ఉంటుంది, ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంది, మర్నాడు మెట్లు దిగుతుంటే మళ్లీ.

జవాబు: వేడెక్కాక తగ్గి మర్నాడు తిరిగొచ్చే నొప్పి చిప్ప కింది టెండాన్‌దై ఉంటుంది. వేలితో ఒకే చోట చూపించగలరా? చూపించగలిగితే అనుమానం బలపడుతుంది. చిప్ప చుట్టూ ఎక్కడో తెలియనట్టుంటే కథ వేరు. మోకాలు వాచినా, మధ్యలో ఇరుక్కుపోయినా ముందు పరీక్ష చేయించుకోండి.

లంజ్‌లో బరువు రెండుసార్లు పడుతుంది. పాదం నేలను తాకి శరీరం ఆగేటప్పుడు ఒకసారి, వెనక్కి లేచేటప్పుడు ఇంకోసారి. అందరూ ముందుకెళ్లడాన్ని దిద్దుకుంటారు, లేవడాన్ని పట్టించుకోరు. ముందు కాలి తొడతో మాత్రమే లేస్తుంటే భారమంతా ఆ టెండాన్ మీదే. వెనక మోకాలు ముందుగా వంగి, తుంటి వెనక్కి లాగాలి. ముందు మోకాలు పాదం రెండో వేలి దిశలోనే పోవాలి. లోపలికి వాలిపోతుంటే సుద్దతో నేల మీద గీత గీసి దాని మీద నెమ్మదిగా ఇరవై లంజ్‌లు చేసి చూసుకోండి.

గోడకు వీపు ఆనించి, మోకాళ్లు 60 నుంచి 70 డిగ్రీలు వంచి 45 సెకన్లు, ఐదుసార్లు. ఇది నొప్పిని తగ్గించి ఆ పూట సాధనకు వీలు కల్పిస్తుంది. అసలు బలం వారానికి మూడు రోజులు చేసే నెమ్మది బరువు వ్యాయామంతో వస్తుంది, పన్నెండు వారాలు పడుతుంది. ఈలోగా సగం పొడవు లంజ్, సాధనకు నలభై. వెనక కాలి గజ్జల్లో లాగుతుంటే పక్కకు పడుకుని పై కాలిని బెంచీ మీద ఆనించి నడుమెత్తే వ్యాయామం కూడా కలపండి. మొదట మోకాలు ఆనించి, బలం వచ్చాక చీలమండ ఆనించి.

ప్రశ్న: మోకాలి ఏసీఎల్ (మోకాలి లోపల దాన్ని నిలిపి ఉంచే లిగమెంట్) ఆపరేషన్ అయి ఏడు నెలలు. పరుగెత్తుతున్నాను. బుహుర్ట్‌కు (ఉక్కు కవచాలతో గుంపులుగా చేసే పోరు) తిరిగి వెళ్లవచ్చా?

జవాబు: తొమ్మిది నెలలకు ముందు వద్దు. ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలల దాకా ఆగిన ఒక్కో నెలకూ మళ్లీ మోకాలి గాయమయ్యే అవకాశం సగానికి తగ్గిందని 2016లో వెలువడిన ఒక పరిశోధన చెప్పింది. తొమ్మిది నిండాక కూడా తొడ ముందు కండరం బలం, ఒంటికాలి గెంతుల దూరం రెండో కాలితో పోలిస్తే 90 శాతమైనా ఉండాలి.

బుహుర్ట్‌లో ఇంకో చిక్కుంది. ఆ గెంతు పరీక్షలు కవచం లేకుండా చేసినవి. లీడ్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో పదిహేనో శతాబ్దపు కవచాల నకళ్లు తొడిగి, ట్రెడ్‌మిల్ మీద నడిపించి కొలిచారు: నడకకు రెట్టింపు కంటే ఎక్కువ శక్తి, పరుగుకు దాదాపు రెట్టింపు ఖర్చయింది. కాళ్లకు తొడిగిన ఉక్కును ప్రతి అడుగుకూ ఊపాలి, ఆపాలి. వీపున మోసే బరువు కంటే అది ఎక్కువ అలుపు తెస్తుంది. అలిసిన తొడ మోకాలిని కాపాడలేదు. అందుకే కవచాన్ని విడతలుగా తెచ్చుకోండి: మొదట మొండెం భాగం మాత్రమే తొడిగి నడక, దిశ మార్పులు, రెండు వారాలకు కాళ్ల కవచం, ఆ పైన శిరస్త్రాణం, చేతులు. పూర్తి కవచంలో ఒంటికాలి మీద మెట్టు దిగడం పదిసార్లు మోకాలు వణక్కుండా వచ్చాక పడిపోవడం సాధన చెయ్యండి. ఎవరైనా నెట్టినప్పుడు పాదం నేలకు పాతుకుపోయి ఉండగా ఒళ్లు తిరగడమే ఏసీఎల్‌ను తెంచేది. నిలబడడానికి పెనుగులాడే బదులు పడిపోవడం నేర్చిన మోకాలు బతుకుతుంది. జోడీ తోపులాట ఆ తర్వాతే, గుంపు పోరు అన్నిటికన్నా చివర.

ప్రశ్న: పోటీకి ముందు నొప్పి మాత్ర వేసుకుంటే తప్పేమిటి?

జవాబు: ఎక్కడ ఆగాలో చెప్పే కబురును మీరే ఆపేస్తున్నారు. మానుతున్న ఎముక, టెండాన్ ఉన్నవాళ్లకు అదే చివరి కాపలా. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచగలవు కాబట్టి కమిలే దెబ్బలు ఖాయమైన ఆటకు ముందు మంచివి కావు. తల మీద దెబ్బ పడ్డాక వైద్యులు చూసేదాకా వాటి జోలికి పోవద్దు. మాత్ర లేకుండా వార్మప్ పూర్తి చెయ్యలేని రోజు పోటీ చెయ్యదగ్గ రోజు కాదు.

ప్రశ్న: నేను కోచ్‌ని. గాయం నుంచి వచ్చిన శిష్యులు "డాక్టరు సరేనన్నారు" అంటారు. నేనేం చూసి ఒప్పుకోవాలి?

జవాబు: ముందు వైద్యులు దేనికి సరేనన్నారో అడగండి. "వ్యాయామం చేసుకోవచ్చు" అన్న మాటకు చాలామంది స్పారింగ్ అని అర్థం తీస్తారు. మీ ఆట చూడని వైద్యులకు రెండు వాక్యాలు రాసి పంపండి: కత్తి బరువెంత, ఏ భాగాల మీద దెబ్బలు పడతాయి, ఎంతసేపు. జవాబు మారిపోవడం మీరే చూస్తారు.

మీరు పెంచగలిగినవి నాలుగు: బరువు, వేగం, సంఖ్య, అనూహ్యం. ఒక సాధనలో ఒక్కటే పెంచండి. నైలాన్ కత్తి నుంచి ఫెడర్‌కు మారిన రోజు వేగం తగ్గాలి. స్పారింగ్‌కు తెచ్చిన రోజు సమయం తగ్గాలి: రెండు నిమిషాలవి రెండే బౌట్లు, మీరు ఎంచిన జోడీతో. ఎక్కువమంది బోల్తాపడేది అనూహ్యం దగ్గరే. ముందే చెప్పి వేసిన జోర్న్‌హావ్‌ను (భుజం మీంచి ఏటవాలుగా దించే కోత) నలభైసార్లు హాయిగా ఆపిన భుజం, ఊహించని ఒక్క దెబ్బకు ఉలిక్కిపడి లాగేస్తుంది. అందుకని మధ్యలో ఒక మెట్టు పెట్టండి: ఎదుటివాళ్లు రెండు కోతల్లో ఏదో ఒకటి వేస్తారు, ఏది వేస్తారో చెప్పరు. అది అలవాటయ్యాక ఆ కోతల్ని మూడు, తర్వాత నాలుగు చెయ్యండి.

చీలమండ బెణికినవాళ్లకు ఒక పరీక్ష: గోడకు ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలితో గోడను తాకాలి. కాలి బొటనవేలు గోడకు ఎంత దూరంలో ఉండగా తాకగలుగుతున్నారో కొలిచి, రెండు కాళ్లకూ తేడా రెండు సెంటీమీటర్లకు లోపుంటే సరే. తర్వాత ఒంటికాలి మీద మునివేళ్లపై ఇరవై ఐదుసార్లు లేవడం. ఇవి వచ్చాకే పక్కకు గెంతే అడుగులు, ఏడాది దాకా సాధనలో బ్రేస్.

పుస్తకంలో ప్రతి ఒక్కరికీ ఒక పేజీ తెరవండి. తేదీ, చేసిన పని, అప్పటి నొప్పి పదికి ఎంత, మర్నాటి ఉదయం ఎంత. మర్నాటి గడి ఖాళీగా ఉంటే ఆ రోజు బరువు పెంచకండి. ఆ గడి నింపనివాళ్లే సాధారణంగా దాస్తున్నవాళ్లు. తిట్టకుండా పక్కకు పిలిచి, గాయమైన చోటును మీ ఎదుటే కదిపించి చూడండి.